ఆ సీఆర్ మీద సంతకం ఎవరిది?

మీలో సర్వీసెస్ కంపెనీల్లో పనిచేసేవాళ్ళకి సీఆర్ అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు. చేంజ్ రిక్వెస్ట్. తక్కువకి కోట్ చేసి ఫిక్స్‌డ్ బిడ్ ప్రాజెక్టు గెలుస్తాం. రిక్వైర్‌మెంట్ల డాక్యుమెంటు మీద అందరూ సంతకాలు పెడతారు. రెండో నెలలో క్లయింటు ఫోన్ చేసి "ఆ రిపోర్టులో ఇంకో రెండు కాలమ్స్ కావాలి, చిన్న పనే కదా" అంటాడు. అప్పుడు మేనేజరు మొహం వెలిగిపోతుంది చూడండి... బిడ్డింగులో పోగొట్టుకున్న మార్జిను తిరిగొచ్చేది అక్కణ్ణించే మరి :)

నేను ఫ్రెషర్‌గా చేరిన మొదటి ప్రాజెక్టులో ఇలాంటి "చిన్న పని" ఒకటి మూడు వారాలు తినేసింది. అడిగింది ఫోన్లో, ఒప్పుకున్నదీ ఫోన్లోనే. బిల్లు పంపే సమయానికి అడిగినాయన వేరే టీముకి వెళ్ళిపోయాడు. అడిగినట్టు మెయిల్ లేదు, సరేనన్నట్టు మెయిల్ లేదు. నాలుగు కాన్ఫరెన్స్ కాల్స్ తర్వాత తేలిందేంటంటే, రికార్డులో ఉన్న పేరు ఒక్కటే, కోడ్ చెకిన్ చేసినవాడిది. అంటే నాది. ఏ కంపెనీ, ఎవరు అనేది ఇక్కడ అనవసరం. ఆ రోజు నుంచి నాకో చాదస్తం పట్టుకుంది: ఏదైనా మారిందంటే, ఎవరు మార్చమన్నారు, ఎప్పుడు, ఎంతకి అని అడగటం.

ఇదే వ్యవహారం కోడ్‌లో కాకుండా సిమెంటులో, ఇనుములో జరిగితే దాన్ని చేంజ్ ఆర్డర్ అంటారు. మన సర్కారీ ఇంజనీర్లు వేరియేషన్ అంటారు, డీవియేషన్ అంటారు, ఎక్స్‌ట్రా ఐటమ్ అంటారు. పేరేదైనా సంగతి ఒకటే. టెండర్లో రాసిన పని ఒకటి, నిజంగా చేసిన పని ఇంకొకటి. ఆ తేడాకి డబ్బులు ఎవరు కట్టాలి, అది సబబేనని ఎవరు చూడాలి?

నేను సివిల్ ఇంజనీర్ని కాను, చరిత్రకారుణ్ణి అసలే కాను. బీటెక్ కంప్యూటర్స్. రోజూ తార్నాకలో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగే లక్షలమందిలో ఒకణ్ణి. అయినా ఈ మెట్రో చరిత్రని ఒకసారి ఈ కోణంలోంచి తిరగేయాలనిపించింది. దానికి కారణం మా బాపు.

* * *

మాది గోదావరిఖని. బాపు సింగరేణి సర్వే డిపార్ట్‌మెంట్లో చైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఓపెన్‌కాస్టులో బొగ్గు మీదున్న మట్టినీ రాయినీ ఓబీ అంటారు, ఓవర్‌బర్డెన్ అన్నమాట. దాన్ని తీసే పనిలో చాలా భాగం కాంట్రాక్టుకి వెళ్తుంది, క్యూబిక్ మీటరుకి ఇంత అని. చిక్కేంటంటే, తీసిన మట్టిని తర్వాత కొలవడం కష్టం. దాన్ని తీసుకెళ్ళి గుట్టలా పోస్తారు, పోశాక అది పొంగుతుంది. అందుకే తవ్వకముందు నేల ఎత్తు కొలుస్తారు, తవ్వాక మళ్ళీ కొలుస్తారు. ఆ తేడాకే డబ్బులు. బాపు ఉద్యోగం అంకెలేసిన కర్ర పట్టుకుని ఎండలో నిలబడటం. సర్వేయర్ సారు లెవెల్ మిషన్‌లోంచి చూసి అంకె చెప్తే, పుస్తకంలో ఎక్కుతుంది.

2025 దసరాకి ఇంటికెళ్ళాను. మెట్రోని ఎల్ అండ్ టీ నుంచి ప్రభుత్వం తీసుకోబోతోందని అప్పుడే పేపర్లన్నిట్లో వచ్చింది. బాపు పేపరు పక్కన పెట్టి అడిగాడు.

"గిన్ని వేల కోట్లు ఎందుకు పెరిగినయ్‌రా?"

నేను తెలిసినట్టే ఏదో చెప్పాను... డిలే అయింది, భూసేకరణ, వడ్డీలు, కోవిడ్...

"గది కాదు బిడ్డా. ముందుగాల లెవెల్ ఎవలు వట్టిన్రు? గా పుస్తకం ఏడుంది?"

తర్వాత ఒక సంగతి చెప్పాడు. ఒక ఏడు వానాకాలానికి సరిగ్గా ముందు, వాళ్ళ సర్వేయర్ సారు ఆదివారమైనా సరే అందర్నీ పిలిపించి గుంత అంతా లెవెల్ పట్టించాడట. కాంట్రాక్టరు మనిషితో పుస్తకం మీద అప్పుడే సంతకం పెట్టించాడట. వారం తిరక్కుండా పెద్దవాన. కట్టలు కోసుకుని బురదంతా గుంతలోకి దిగింది. ఆ బురద తీసినందుకు ఎక్స్‌ట్రా కావాలని కాంట్రాక్టరు అడిగాడు. ఎంత బురద? ఇటువాళ్ళు ఒక లెక్క, అటువాళ్ళు ఒక లెక్క. "పుస్తకం తెరిసిన్రు, అద్దగంటల తెగింది. అది లేకుంటే ఏండ్లకేండ్లు నడుస్తుండె" అన్నాడు బాపు.

గమనించండి, అక్కడ మార్పు జరగకుండా ఎవరూ ఆపలేదు. వాన ఎవరి మాటా వినదు. కాంట్రాక్టరుకి ఇవ్వాల్సింది ఇచ్చారు కూడా. కొట్లాట రాకుండా కాపాడింది ఒక్కటే, మార్పుకి ముందే రాసిపెట్టిన కొలత, దాని మీద రెండు పక్షాల సంతకాలు.

పీడబ్ల్యూడీ కాలం నుంచీ మనకి మెజర్‌మెంట్ బుక్ అని ఒకటుంది. కాంట్రాక్టర్లు, ఇంజనీర్లు ఎం.బి. అంటారు. పేజీలకి ముందే నెంబర్లుంటాయి. రబ్బరు పెట్టి చెరపకూడదు. తప్పు రాస్తే గీత కొట్టి, పక్కన మళ్ళీ రాసి, పొట్టి సంతకం పెట్టాలి. పాత ఎంట్రీ కనపడుతూనే ఉండాలి. మొదటిసారి ఇది విన్నప్పుడు నవ్వొచ్చింది. మనం గిట్ అనీ కమిట్ హిస్టరీ అనీ గొప్పలు పోతాం గానీ, ఆ ఆలోచన మన ఓవర్సియర్ల చంకలో ఏనాటి నుంచో ఉంది :)

* * *

ఇప్పుడు అసలు ఆట ఎలా ఆడతారో చూద్దాం. ఇది ఏ ఒక్క కంపెనీ గురించీ కాదు, ప్రపంచమంతా తెలిసిన పద్ధతే. ఉదాహరణకి నేనే కొన్ని అంకెలు వేస్తున్నాను.

ఒక రైల్వే కటింగ్ తవ్వాలి. టెండర్లో లక్ష క్యూబిక్ మీటర్ల మెత్తటి మట్టి, పదివేల క్యూబిక్ మీటర్ల గట్టి రాయి అని రాశారు. మొదటి కాంట్రాక్టరు మట్టికి 100 రూపాయలు, రాయికి 900 వేశాడు. మొత్తం కోటీ 90 లక్షలు. రెండో ఆయన మట్టికి 150, రాయికి 500 వేశాడు. మొత్తం 2 కోట్లు. మనవాళ్ళు రూలు ప్రకారం మొదటాయనకే ఇస్తారు. ఎల్1 కదా!

తవ్వితే తేలిందేంటంటే మట్టి 60 వేలు, రాయి 50 వేలు. మొదటాయన బిల్లు 5 కోట్ల 10 లక్షలు. రెండో ఆయనైతే 3 కోట్ల 40 లక్షలయ్యేది. మొదటాయనకి రాయి సంగతి ముందే తెలుసా? తెలిసుండొచ్చు, అదృష్టమై ఉండొచ్చు. కాగితాల మీద మాత్రం అంతా పద్ధతిగానే ఉంది. లంచం లేదు, దొంగ బిల్లు లేదు. క్వాంటిటీ మారింది, అంతే.

దీనికి మన రైల్వేవాళ్ళ దగ్గర ఒక పాత మందుంది. వాళ్ళ జనరల్ కండిషన్స్ ఆఫ్ కాంట్రాక్ట్ ప్రకారం సాధారణంగా క్వాంటిటీ 25 శాతం వరకు పెరిగితే ఒప్పుకున్న రేటే ఇస్తారు. అది దాటితే రేటు తగ్గుతుంది, ముందు 2 శాతం, తర్వాతి మెట్టులో 4 శాతం. ఇక 50 శాతం కూడా దాటాలంటే గట్టి కారణం చూపించి, పైస్థాయి ఫైనాన్స్ అధికారుల ఒప్పుదల తీసుకోవాలి. అంటే పని పెరిగే కొద్దీ కాంట్రాక్టరుకి ఆశ తగ్గాలి, సంతకం పెట్టే అధికారికి భయం పెరగాలి. ఎంతబాగా అమలవుతుందనేది వేరే విషయం. ఆలోచన మాత్రం భేషుగ్గా ఉంది.

పైనుంచి చూసే కన్ను కూడా కొత్తదేం కాదు. 1957లోనే కేంద్ర ప్రభుత్వం పనుల మీద సాంకేతిక తనిఖీ కోసం చీఫ్ టెక్నికల్ ఎగ్జామినర్ అనే వ్యవస్థ పెట్టింది. సంతానం కమిటీ సిఫారసులతో 1964లో విజిలెన్స్ కమిషన్ వచ్చాక దాన్ని అందులో కలిపారు. వాళ్ళు సైట్‌కి వెళ్ళి, ఎం.బి. చూసి, కాంక్రీటు ముక్క తీసి పరీక్షించి, ఈ ఎక్స్‌ట్రా ఐటమ్ ఎందుకిచ్చారని అడగగలరు. అంటే ఇంజనీరు రాసిన లెక్కని ఇంకో ఇంజనీరే చూడాలన్న సంగతి మన పెద్దవాళ్ళకి అరవై ఏళ్ళ కిందటే తెలుసు.

మరి ఇన్ని రూళ్ళుండగా మెట్రో దగ్గర ఏమైంది? మెట్రో అసలు ఈ దారిలోనే రాలేదు. వేరే దారిలో వచ్చింది.

* * *

2008. నేనప్పుడు ఐదో తరగతి. హైదరాబాద్ మెట్రోకి మూడు కారిడార్లు, 71.16 కిలోమీటర్లు, 12,132 కోట్ల అంచనా. పీపీపీ పద్ధతి, అంటే ప్రైవేటువాడు తన డబ్బుతో కట్టి, కొన్ని దశాబ్దాలు నడుపుకుని, తర్వాత ప్రభుత్వానికి అప్పజెప్పాలి. ఇలాంటి ప్రాజెక్టుల్లో మామూలుగా ప్రైవేటువాళ్ళు "మాకు గిట్టదు, కొంత ప్రభుత్వం ఇవ్వాలి" అంటారు. దాన్నే వయబిలిటీ గ్యాప్ అంటారు. అలాంటిది సత్యం రాజుగారి కుటుంబానికి చెందిన మేటాస్ నాయకత్వంలోని బృందం "మాకేమీ వద్దు, మేమే ప్రభుత్వానికి ఒప్పంద కాలంలో 30,311 కోట్లు కడతాం" అంది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఒక్క పెద్దాయన కొట్టలేదు. ఢిల్లీ మెట్రో శ్రీధరన్. 2008 సెప్టెంబరులో ప్రణాళికా సంఘానికి ఉత్తరం రాశాడు. దాని సారాంశం, మెట్రో పేరుతో 296 ఎకరాల విలువైన భూమి వాణిజ్యానికి ఇస్తున్నారు, ఇది ముందు ముందు పెద్ద కుంభకోణమవుతుంది అని. రాష్ట్ర ప్రభుత్వానికి కోపమొచ్చింది. క్షమాపణ చెప్పమంది, లేకపోతే కోర్టుకెక్కుతామంది. నాలుగు నెలలు తిరక్కుండా 2009 జనవరి 7న రామలింగరాజు లేఖ బయటికొచ్చింది. ఆ తర్వాతిది మన ఫీల్డులో ఎవరికీ చెప్పక్కర్లేదు. జూలైలో మెట్రో ఒప్పందం రద్దయింది.

ఇక్కడ మన సీఆర్ బుర్రతో ఆలోచించండి. అందరూ డబ్బులడిగే చోట ఒకడు ఎదురు డబ్బులిస్తానన్నాడంటే, వాడి లెక్క టెండరు కాగితంలో లేదు, తర్వాత రాబోయే మార్పుల్లో ఉంది. మరీ తక్కువకి బిడ్ వేసిన వెండర్‌ని చూసి మన క్లయింట్లు ఎందుకు కంగారుపడతారో, శ్రీధరన్ కంగారుపడిందీ అందుకే అనుకుంటా.

2010లో మళ్ళీ టెండర్లు. ఈసారి ఎల్ అండ్ టీ 1,458 కోట్ల వయబిలిటీ గ్యాప్ అడిగి గెలిచింది. 2010 సెప్టెంబరు 4న ఒప్పందం. 35 ఏళ్ళ గడువు, పైన ఇంకో 25 ఏళ్ళు పొడిగించుకునే వీలు. అప్పాయింటెడ్ డేట్, అంటే గడియారం మొదలైన రోజు, 2012 జూలై 5. అయిదేళ్ళలో పూర్తికావాలి.

కానీ రోడ్డు మధ్యలో స్తంభం లేపాలంటే ముందు రోడ్డు చేతికి రావాలి. ఆస్తులు తీయాలి, కరెంటు తీగలు, నీళ్ళ పైపులు జరపాలి, రైల్వే పట్టాల మీదుగా దాటాలంటే రైల్వేవాళ్ళు ఒప్పుకోవాలి. ఇవన్నీ ఆలస్యమయ్యాయి. 2014లో రాష్ట్రం వచ్చాక కొత్త ప్రభుత్వం అసెంబ్లీ దగ్గర, సుల్తాన్ బజార్ దగ్గర, పాతబస్తీలో దారి మార్చమంది. సుల్తాన్ బజార్ వ్యాపారులు అప్పటికే ఎన్నాళ్ళ నుంచో గోల పెడుతున్నారు, వాళ్ళ బాధ వాళ్ళది. ఆ సెప్టెంబరులోనే, ప్రాజెక్టు ఇక గిట్టదు, ప్రభుత్వమే తీసుకోవాలి అంటూ ఎల్ అండ్ టీ రాసిన లేఖ పేపర్లకెక్కింది. తర్వాత రాజీపడ్డారనుకోండి. చివరికి అసెంబ్లీ, సుల్తాన్ బజార్ దగ్గర రైలు స్తంభాల మీదే వెళ్ళింది. పాతబస్తీలో అయిదున్నర కిలోమీటర్లు మాత్రం ఆగిపోయాయి.

2017 నవంబరు 28న మియాపూర్-నాగోల్ మొదలైంది. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట-ఎల్బీనగర్, 2019లో హైటెక్ సిటీ, రాయదుర్గం, 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్-ఎంజీబీఎస్. మొత్తం 69.2 కిలోమీటర్లు. ఆలస్యం వల్ల ఖర్చు పెరిగిందని ఎల్ అండ్ టీ రాష్ట్ర ప్రభుత్వాన్ని 3,756 కోట్లు అడిగింది.

ఈ 3,756 కోట్ల దగ్గర కాసేపు ఆగుదాం. ఇది న్యాయమేనా, కాదా? మీరు చెప్పలేరు, నేనూ చెప్పలేను. ఎందుకంటే బాపు అడిగిన పుస్తకం మన ముందు లేదు. ఏ జంక్షన్లో స్థలం ఎప్పుడివ్వాలి, ఎప్పుడిచ్చారు, దానివల్ల ఏ పని ఎన్ని రోజులాగింది, ఏ మార్పు ఎవరి మాట మీద జరిగింది, తర్వాత ఆ మాట ఎవరు వెనక్కి తీసుకున్నారు... ఇవన్నీ ఎక్కడో ఫైళ్ళలో, ఉత్తరాల్లో ఉండే ఉంటాయి. ఒప్పందం ప్రకారం ఇండిపెండెంట్ ఇంజనీరు కూడా ఉన్నాడు. కానీ ఆయన జవాబు చెప్పేది ప్రభుత్వానికి, కట్టే కంపెనీకి. టికెట్ కొన్న మనకి కాదు. పైగా కట్టించే ఎల్ అండ్ టీ మెట్రో, కట్టే ఎల్ అండ్ టీ నిర్మాణ విభాగం ఒకే గొడుగు కింద ఉన్నాయి. వాళ్ళ మధ్య జరిగే సీఆర్‌లు వాళ్ళ ఇంటి వ్యవహారం. పీపీపీలో ఇది నేరం కాదు. "డబ్బు వాళ్ళది, పెరిగితే వాళ్ళే భరిస్తారు, మనకెందుకు" అన్నదే మొదట్నించీ అందరి లెక్క.

ఆ లెక్క తప్పని 2025 సెప్టెంబరులో తేలింది. మొదటి దశని తీసుకోవడానికి రాష్ట్రం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. సుమారు 13 వేల కోట్ల అప్పు నెత్తినేసుకుని, వాటాకి సుమారు 2 వేల కోట్లు ఇవ్వాలి. అంటే పదమూడేళ్ళపాటు మనం చూడని మార్పులన్నిటి ఖర్చూ, వడ్డీతో సహా, ఒక్కసారే మన పద్దులోకి వచ్చే దారి పడింది. కంపెనీని తిట్టి లాభం లేదు, ప్రభుత్వాన్ని తిట్టి లాభం లేదు. ఇద్దరి దగ్గరా చెప్పుకోవడానికి కారణాలున్నాయి. లేనిదల్లా ఇద్దరూ సంతకం పెట్టి, అందరూ చూడగలిగే ఒక పుస్తకం.

* * *

మనవాళ్ళే ఇలా అనుకోకండి. స్కాట్లండ్‌లో ఎడిన్‌బరో అని శుభ్రమైన ఊరు. అక్కడ ట్రామ్ వేద్దామని 2008లో ఒప్పందం చేసుకున్నారు. ధర చాలావరకు ఫిక్స్‌డ్ అని కౌన్సిల్‌లో అందరూ నమ్మారు. కానీ ఒప్పందంలో ఒక షెడ్యూలుంది. అందులో "ఈ ధర ఈ ఊహల మీద ఆధారపడింది" అని ఒక జాబితా. మన ఎస్‌ఓడబ్ల్యూ చివర్లో చిన్నక్షరాల్లో "అజంప్షన్స్" అని రాస్తామే, అచ్చం అదే! సంతకాలు పెట్టేనాటికి డిజైన్ పూర్తికాలేదు, రోడ్డు కింద పైపులు పూర్తిగా జరపలేదు. కాబట్టి ఏ ఊహా నిలబడలేదు. తప్పిన ప్రతి ఊహా ఒక చేంజ్ అయి కూర్చుంది. గొడవలు, పని ఆగిపోవడం, మధ్యవర్తులు. 545 మిలియన్ పౌండ్లలో అవుతుందనుకున్నది, లైను పొడవు కోసేశాక కూడా, 776 మిలియన్లయింది. 2014 మే చివర్లో ట్రామ్ నడిచింది. ఏం జరిగిందో తేల్చమని లార్డ్ హార్డీతో విచారణ వేశారు. ఆ నివేదిక వచ్చింది 2023 సెప్టెంబరులో! ట్రామ్ కట్టడానికి పట్టినదానికంటే, ఎందుకు పెరిగిందో చెప్పడానికే ఎక్కువ కాలం పట్టింది.

ఈ విచారణల జబ్బు మాకూ కొత్త కాదు. గోదావరిఖనికి కొద్ది దూరంలోనే సుందిళ్ళ బరాజ్ ఉంది, కాళేశ్వరంలో భాగం. అది రైలు కాదు కాబట్టి పెద్దగా పోను. ఒక్కమాట. 81,911 కోట్లనుకున్న ఆ ప్రాజెక్టు 1,47,427 కోట్లు దాటొచ్చని కాగ్ నివేదిక చట్టసభ ముందుకొచ్చింది 2024 ఫిబ్రవరిలో. మేడిగడ్డలో స్తంభం కుంగింది 2023 అక్టోబరులో. అంటే కుంగిన తర్వాత లెక్క వచ్చింది. కాగ్‌ని తప్పుపట్టడం లేదు, ఆడిట్ పని ఎప్పుడూ తర్వాతే. పోస్ట్‌మార్టమ్ ఎంత బాగా చేసినా పేషెంటు లేచి కూర్చోడు కదా. అందుకే ఆడిట్‌నీ పర్యవేక్షణనీ ఒకటే అనుకోకూడదంటాను.

* * *

మరీ పర్యవేక్షణ ఎక్కువైతే ఏ ఇంజనీరూ సంతకం పెట్టడు, పనులు ఆగిపోతాయి అంటారు కొందరు. సీబీఐ, సీవీసీ, కాగ్ అని "మూడు సీ"ల భయం గురించి సర్కారీ ఆఫీసుల్లో ఒక పాత జోకు ఉండనే ఉంది. ఒప్పుకుంటాను. నేలలో ఊహించని రాయి తగిలితే, ఇంకో కమిటీ వేద్దాం అనడం కంటే ఘోరం లేదు. ఆగిన ప్రతి రోజుకీ వడ్డీ పెరుగుతుంది. కానీ నేనడిగేది ఇంకో కమిటీ కాదు. బాపువాళ్ళ సర్వేయర్ సారు కూడా ఎవర్నీ ఆపలేదు. ఆదివారం పూట వచ్చి కొలిచి రాయించాడు, సంతకం పెట్టించాడు. నాకు తెలిసి అది పనిని ఒక్కరోజు కూడా ఆపలేదు, పైగా ఏళ్ళ కొట్లాట తప్పించింది.

ఇప్పుడెందుకు ఇదంతా అంటే, ముందు చాలా పెద్ద పనులున్నాయి. మెట్రో రెండో దశ కోసం రాష్ట్రం 2024లో కేంద్రానికి పంపిన ప్రతిపాదన 76.4 కిలోమీటర్లు, 24,269 కోట్లు. ఇది పాత పద్ధతిలో కాదు, రాష్ట్రమూ కేంద్రమూ కలిసి, ఎక్కువభాగం ప్రభుత్వ డబ్బుతో, విదేశీ అప్పుతో. అంటే ఈసారి ప్రతి చేంజ్ ఆర్డరూ మొదటి రోజు నుంచే మనదే.

మా బొగ్గుబెల్టు సంగతీ అంతే. 2022 నవంబరు 12న ప్రధాని రామగుండం వచ్చి ఎరువుల ఫ్యాక్టరీతోపాటు భద్రాచలం రోడ్-సత్తుపల్లి రైల్వే లైనుని జాతికి అంకితం చేశారు. 54 కిలోమీటర్లు, ప్రభుత్వం చెప్పిన లెక్క సుమారు వెయ్యి కోట్లు. బొగ్గు లారీల్లో కాకుండా రైల్లో వెళ్ళాలని వేసిన లైను, ఖర్చులో పెద్ద వాటా సింగరేణిదే. సింగరేణి అంటే 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. కానీ అందులోంచి లాభాల వాటా పంచుకునేది మా వీధిలోవాళ్ళు. ఇక రామగుండం-మణుగూరు లైను, 207.8 కిలోమీటర్లు, అంచనా 3,997 కోట్లు, ఎప్పటినుంచో మేం ఎదురుచూస్తున్నది. అడవి, గోదావరి పరీవాహకం, పాత గనులు... కింద ఏముందో తవ్వితే గానీ తెలియని నేల అది. మార్పులు రాకుండా ఉండవు. ఆ 3,997 అంకె అలాగే ఉంటుందని నేను బెట్టు కట్టను :)

కాబట్టి నా కోరిక చిన్నదే. ఇలాంటి ప్రతి ప్రాజెక్టుకీ మార్పుల పుస్తకం ఒకటి నెట్‌లో పెట్టాలి. ఒక్కో మార్పుకి ఒక్కో వరుస. ముందు ఏముంది, ఇప్పుడేమైంది. ఎందుకు మారింది: డిజైన్ తప్పా, నేల తేడానా, పైపు అడ్డొచ్చిందా, స్థలం ఇవ్వలేదా, నాయకులెవరైనా అడిగారా? ఎంత పెరిగింది, ఎన్ని రోజులు పోయాయి. ఒప్పుకున్న అధికారి హోదా, తేదీ. పని మొదలైన ముప్పై రోజుల్లో ఆ వరుస కనపడాలి. పీపీపీ అయినా సరే, ఎందుకంటే ప్రైవేటు అప్పు ఏ రోజు సర్కారు అప్పవుతుందో మెట్రో చూపించింది. సమాచార హక్కు చట్టం 2005లోనే, నాలుగో సెక్షన్లో, అడక్కుండానే వివరాలు బయటపెట్టమని ఉంది. కొత్త చట్టం కూడా అక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ అంటారా, మనలో ఎవరైనా నలుగురం రెండు వీకెండ్లు కూర్చుంటే అయిపోతుంది. ఒక టేబుల్, ఎనిమిది కాలమ్‌లు. (అవును, ఆ తర్వాత ఇంకో రెండు కాలమ్స్ అడుగుతారు, తెలుసు.)

ఇదంతా బాపుకి ఫోన్లో చెప్పాను. అంతా విని, "మంచిగనే ఉన్నది గని, కాంట్రాక్టరు సంతకం గుడ వెట్టియ్యిరి. ఒక్కల సంతకం ఉంటె అది పుస్తకం కాదు" అన్నాడు. తొమ్మిదో కాలమ్ చేర్చాను. మెయిల్లో కూడా రాసుకున్నాను, ఎవరు అడిగారో, ఎప్పుడు అడిగారో :)

మీలో సివిల్ వాళ్ళు, రైల్వేవాళ్ళు ఉంటే, నేను రాసినదాంట్లో తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాను. పాతది కొట్టేసి, పక్కనే రాస్తాను.